పాస్‌కీ ఫెయిల్‌కీ మధ్య ఎన్ని మెట్లు ఉండాలి? డైస్ రోల్ ఫలితాల మీద వివరంగా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమలాపురంలో ఐదుగురు ప్లేయర్లతో రోల్‌ప్లేయింగ్ గేమ్, అంటే ఒక్కొక్కరూ ఒక పాత్రగా మాటలతో కథ నడిపే ఆట, ఆడిస్తున్నారు. జీఎం (కథ చెప్పి ఆట నడిపించే గేమ్ మాస్టర్) మీరే. డీ20 పద్ధతి: ఇరవై ముఖాల డైస్ వేసి, స్కిల్ బోనస్ కలిపి, డీసీ (పని ఎంత కష్టమో చెప్పే అంకె) అందుకుంటే పాస్, లేకపోతే ఫెయిల్. కథ ఒక లంక ఊళ్ళో, గోదావరికి వరద వచ్చిన రోజుల్లో నడుస్తోంది. ఫెయిల్ పడ్డప్పుడల్లా "ఏం జరగలేదు" అనడం తప్ప చెప్పడానికి ఇంకేమీ ఉండట్లేదు, ఆట చప్పబడిపోతోంది. మధ్యలో మెట్లు పెడదామనుకుంటున్నారు. ఎన్ని పెట్టాలి, ఏ అంకె దగ్గర పెట్టాలి, నేచురల్ 1, నేచురల్ 20 (బోనస్ కలపకముందు డైస్ మీదే 1 గానీ 20 గానీ) పడితే ఏం చెయ్యాలి అన్నది ప్రశ్న.

ఎన్ని అన్నది తర్వాత చూద్దాం. డైస్ చేతిలోంచి వదిలేముందే ఒక్కో మెట్టు మీద ఏం జరుగుతుందో మీరు పైకి చెప్పగలగాలి. అలా చెప్పలేని మెట్టు ఆ రోల్‌కి ఉండకూడదు. ఏదో ఒక రూల్‌బుక్‌లో నాలుగు మెట్లు ఉన్నాయి కదా అని నాలుగూ ప్రతి రోల్‌కీ పెడితే, రెండింటికి మాత్రమే మీ దగ్గర జవాబు ఉంటుంది, మిగతా రెండూ అప్పటికప్పుడు అల్లుతారు. పదో రోల్‌కి అల్లడం అయిపోతుంది, పన్నెండో రోల్‌కి అందరూ మళ్ళీ పాస్, ఫెయిల్ దగ్గరికే వచ్చేస్తారు. మెట్ల పద్ధతి పెట్టి వదిలేసిన టేబుళ్ళలో ఎక్కువగా జరిగేది ఇదే.

అసలు రోల్ ఎప్పుడు వెయ్యాలన్నది ముందు తేల్చుకోండి. ఫెయిల్ అయితే పరిస్థితి మారుతుందా? మారకపోతే రోల్ వద్దు, పని అయిపోయిందని చెప్పేసి ముందుకి వెళ్ళండి. ఎండ కాసే పగలు, నీళ్ళు నిలకడగా ఉన్న రేవులో, చిన్నప్పటి నుంచీ పడవ నడిపిన మనిషి కాలవ దాటడానికి డైస్ ఎందుకు? అదే రేవు, రాత్రి, వరద నీరు, పడవలో ముసలావిడ, రెండు గేదెలు ఉంటే రోల్ కావాలి. మీ టేబుల్‌లో "ఏం జరగలేదు" అన్న ఫలితాలు ఎక్కువవుతున్నాయంటే, సగం రోల్స్ అసలు వెయ్యక్కర్లేనివి అయ్యుంటాయి.

రెండోది సమాచారం కోసం వేసే రోల్స్. కరణం గారి పాత పెట్టెలో దస్తావేజు దొరికితేనే కథ ముందుకి వెళ్తుందనుకోండి, ఆ దస్తావేజు దొరకడాన్ని డైస్ మీద పెట్టకండి. అది దొరుకుతుంది. డైస్ మీద పెట్టాల్సింది మిగతాది: ఎంత సేపట్లో దొరికింది, ఎవరైనా చూశారా, కాగితం తడిసి ఒక పేరు చెరిగిపోయిందా. ఈ ఒక్క మార్పుతోనే ఆట ఆగిపోయే సందర్భాలు చాలా తగ్గుతాయి.

ఇక మెట్లు. వేరే వేరే గేముల్లో ఇది ఎలా కుదిర్చారో తెలిస్తే మీకు ఏది సరిపోతుందో తేల్చుకోవడం తేలిక.

2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్, దాని బాటలో వచ్చిన గేములు రెండు ఆరు ముఖాల డైస్ వేసి స్కిల్ కలుపుతాయి. 10, ఆ పైన వస్తే పూర్తి విజయం. 7 నుంచి 9 అయితే పని అవుతుంది, కానీ ఏదో ఒకటి వదులుకోవాలి. 6, ఆ లోపు అయితే జీఎం పరిస్థితిని బిగిస్తాడు. బోనస్ సున్నా అయితే పూర్తి విజయం 16.7%, మధ్య మెట్టు 41.7%, కింది మెట్టు 41.7%. +1కి 27.8, 44.4, 27.8. +2కి 41.7, 41.7, 16.7. ఈ అంకెల్లో మధ్య మెట్టుని చూడండి. సామాన్యుడి దగ్గర నుంచి మంచి పనివాడి దాకా అది 40% పైనే ఉంది, +3 దగ్గర మాత్రమే మూడో వంతుకి దిగుతుంది. అంటే ఆ గేమ్ నడిచేదే "అవును, కానీ" మీద. పూర్తి గెలుపుకీ పూర్తి ఓటమికీ కలిపి వచ్చేది మిగతా వాటా. అందుకే అలాంటి ఆటల్లో కథ ఎక్కడా ఆగదు, జీఎం మాత్రం బాగా అలసిపోతాడు.

2017లో వచ్చిన బ్లేడ్స్ ఇన్ ది డార్క్ స్కిల్‌ని బట్టి ఒకటి నుంచి నాలుగు దాకా ఆరు ముఖాల డైస్ వేయించి, అన్నిట్లో పెద్ద అంకెనే చూస్తుంది. 6 పూర్తి విజయం, 4 గానీ 5 గానీ మధ్య మెట్టు, 3 లోపు ఫెయిల్, రెండు 6లు పడితే క్రిటికల్ (మామూలు గెలుపుకి మించిన గెలుపు). రెండు డైస్‌కి ఫెయిల్ 25%, మధ్య 44.4%, 6 పడే అవకాశం 30.6%. మూడింటికి 12.5, 45.4, 42.1. కూడిక లేదు, అందుకని ఫలితం ఒక్క చూపులో తెలుస్తుంది. అంతకంటే నాకు నచ్చింది ఇంకోటి: రోల్‌కి ముందే జీఎం రెండు మాటలు చెప్పి తీరాలి. ఎంత ప్రమాదంలో ఉన్నావు, గెలిస్తే ఎంత మేరకు పని అవుతుంది. ఆ అలవాటు మీరు ఏ గేమ్ ఆడినా తెచ్చుకోవచ్చు.

కాల్ ఆఫ్ కథుల్హూ ఏడో ఎడిషన్‌లో నూటికి (1 నుంచి 100 దాకా) రోల్ వేస్తారు, స్కిల్ అంకెకి సమానం గానీ తక్కువ గానీ రావాలి. అందులో సగానికి లోపు వస్తే హార్డ్, అయిదో వంతుకి లోపు వస్తే ఎక్స్‌ట్రీమ్. స్కిల్ 60 అయితే 60, 30, 12 అని షీట్ మీద ముందే రాసుకుంటారు. 01 క్రిటికల్. కావాల్సిన అంకె 50 గానీ పైన గానీ ఉంటే 100 ఒక్కటే ఫంబుల్ (ఘోరమైన ఓటమి), 50 కంటే తక్కువైతే 96 నుంచి 100 దాకా అన్నీ ఫంబులే. పని రాని వాడికి ఘోరంగా పోయే అవకాశం అయిదింతలన్నమాట. ఇది చాలా న్యాయమైన రూలు. దీని సంగతి నేచురల్ 1 దగ్గర మళ్ళీ వస్తుంది.

2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ మీ డీ20కి దగ్గరగా ఉంటుంది. డీసీ కంటే 10 ఎక్కువొస్తే క్రిటికల్ సక్సెస్, 10 తక్కువైతే క్రిటికల్ ఫెయిల్యూర్. నేచురల్ 20 ఫలితాన్ని ఒక మెట్టు పైకి, నేచురల్ 1 ఒక మెట్టు కిందకి జరుపుతుంది. +5 బోనస్‌తో డీసీ 15కి వేస్తే క్రిటికల్ సక్సెస్ 5%, సక్సెస్ 50%, ఫెయిల్ 40%, క్రిటికల్ ఫెయిల్ 5%. అదే డీసీకి +10తో వేస్తే క్రిటికల్ సక్సెస్ ఏకంగా 30%కి పెరుగుతుంది. సక్సెస్ అక్కడే 50 దగ్గర ఉంటుంది, ఫెయిల్ 15, క్రిటికల్ ఫెయిల్ 5. మరోవైపు +5తో డీసీ 20కి వేస్తే క్రిటికల్ ఫెయిల్ 25%. బోనస్ గానీ డీసీ గానీ మారిన కొద్దీ ఏదో ఒక చివర కదులుతుంది. ఆ గేమ్‌లో స్కిల్స్‌కీ మంత్రాలకీ ఏ మెట్టు మీద ఏమవుతుందో పుస్తకంలో విడివిడిగా రాసి ఉంటుంది కాబట్టి అది నడుస్తుంది. ఆ రాత లేకుండా 10 అంకెల తేడా ఒక్కటీ తెచ్చుకుంటే మీకు రోజూ కనబడేది మధ్యలో ఉన్న పాస్, ఫెయిలే. చివరి మెట్లు సెషన్‌కి ఒకటి రెండుసార్లు కనిపిస్తాయి, అప్పుడు చెప్పడానికి ఏమీ ఉండదు.

కాబట్టి మీ టేబుల్‌కి నా సలహా: డీ20 మార్చకండి, తేడాని 10తో కాకుండా 5తో కొలవండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 డంజన్ మాస్టర్ గైడ్‌లోనే దీనికి దగ్గరి ఐచ్ఛిక రూల్స్ ఉన్నాయి. ఒకటి రెండు అంకెల్లో తప్పితే ఖర్చుతో పని అవ్వనివ్వడం ఒకటి, 5 గానీ ఎక్కువ గానీ తప్పితే పెద్ద దెబ్బ తగలడం ఇంకోటి. వాటిని కలిపి కొంచెం వెడల్పు చెయ్యండి:

డీసీ కంటే 5 గానీ ఎక్కువ గానీ దాటితే: అవును, పైగా.
డీసీ నుంచి 4 ఎక్కువ దాకా: అవును.
1 నుంచి 4 తక్కువైతే: అవును, కానీ.
5 గానీ ఎక్కువ గానీ తక్కువైతే: కాదు, పైగా.

+5తో డీసీ 15కి లెక్క వేస్తే వరసగా 30%, 25%, 20%, 25%. నాలుగూ దాదాపు సమానంగా వస్తాయి కాబట్టి నాలుగింటికీ మాటలు వెతుక్కునే అలవాటు అవుతుంది. ఒక జాగ్రత్త: ఇంతకు ముందు పని అయ్యే అవకాశం 55% ఉండేది, ఇప్పుడు ఖర్చుతో కలిపి 75% అయ్యింది. కథ మెత్తబడిందనిపిస్తే డీసీలన్నిటినీ 2 పెంచండి. అప్పుడు 20, 25, 20, 35 వస్తుంది. అంతకంటే పెంచకండి, పెంచితే ఖర్చు మెట్టు పెట్టిన ప్రయోజనం పోతుంది.

వట్టి "కాదు" అన్న మెట్టు ఇందులో లేదని గమనించే ఉంటారు. కావాలనే తీసేశాను. మీ ఫిర్యాదే దాని మీద కదా.

కొట్లాటలో అటాక్ రోల్స్‌కి మాత్రం ఈ నాలుగు మెట్లు వాడకండి. అక్కడ దెబ్బ ఎంత గట్టిగా తగిలిందో డ్యామేజ్ రోల్ చెబుతుంది, అదే మెట్ల పని చేస్తోంది. దాని మీద ఇంకో వరస పెడితే ఒక్కో రౌండ్ రెట్టింపు సేపు పడుతుంది.

ఇప్పుడు అసలు కష్టమైన చోటు: "అవును, కానీ". జీఎంలు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. రూలు ఒక్కటే, దాన్ని మాత్రం వదలకండి: ఖర్చు గెలుపుని తినెయ్యకూడదు. "అవతలి రేవు చేరారు, కానీ ప్రవాహం మళ్ళీ ఇవతలికి కొట్టేసింది" అంటే అది ఫెయిలే, పేరు మార్చారంతే. ప్లేయర్ ఏమి కావాలని అడిగాడో అది చేతికి ఇచ్చెయ్యండి. ఖర్చు వేరే చోట నుంచి రావాలి. వేరే చోట్లు అంటే సమయం, సామాను, చప్పుడు, ఒంటికి దెబ్బ, ఎవరికో ఇచ్చిన మాట, దిగిన చోటు, బయటపడిన రహస్యం. ఒక రోల్‌కి ఒకటే ఖర్చు. రెండు కలిపి వేస్తే ప్లేయర్‌కి గెలిచానన్న తృప్తి మిగలదు.

టేబుల్ మీద ఇది ఎలా వినిపించాలో చూడండి. వశిష్ఠ పాయ, రాత్రి తొమ్మిది, లంక నుంచి ఏటిగట్టు వైపుకి నాటు పడవ.

"మధ్యలో ఇసుక మేట ఉండే చోట నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. గెడ అడుక్కి అందట్లేదు. ఏం చేస్తావు రా?"

"గెడ పక్కన పడేసి తెడ్డు తీసుకుంటాను. సుడికి పైనుంచి చుట్టి వచ్చి రేవులోకి కొడతాను."

"సరే. డీసీ 15. అందుకుంటే రేవులోనే దిగుతారు. 20 గానీ పైన గానీ వస్తే దిగడమే కాదు, నీ వెనకాల వచ్చే పడవకి దారి కూడా తెలుస్తుంది, వాళ్ళకి రోల్ అక్కర్లేదు. కొంచెంలో తప్పితే గట్టు చేరతారు, కానీ రెండిట్లో ఒకటి నువ్వే ఎంచుకో: రేవుకి కిలోమీటరు కింద అరటితోటలో దిగుతారు, లేదా రేవులోనే దిగుతారు గానీ బియ్యం బస్తా ఏట్లో పోద్ది. బాగా తప్పితే మేట మీద కూరుకుపోతారు, నీళ్ళు పెరుగుతుంటాయి. వెయ్యి."

ఇందులో మూడు సంగతులు ఉన్నాయి. ఖర్చుల్లో ఏది కావాలో ప్లేయర్‌నే ఎంచుకోమన్నాడు. తను ఎంచుకున్న నష్టం మీద ఎవరూ అలగరు, జీఎం విధించిన నష్టం మీద అలుగుతారు. రెండోది, బాగా తప్పినా పడవ తిరగబడలేదు. కూరుకుపోవడం నుంచి ఇంకో దృశ్యం పుడుతుంది: ఎవరు నీళ్ళలోకి దిగి తోస్తారు, గేదెల్ని దింపేస్తారా? తిరగబడితే అయిదుగురి కథా ఒక్క డైస్‌తో ముగుస్తుంది. మూడోది, తప్పు పడవవాడిది కాదు, ఏటిది. స్కిల్ +7 ఉన్న మనిషి రోల్ తప్పితే "తెడ్డు జారవిడిచావు" అనకండి. "పైనుంచి కొట్టుకొచ్చిన దుంగ తెడ్డుకి తగిలింది" అనండి. పనివాడిని పనిరానివాడిలా చూపిస్తే ఆ ప్లేయర్ తన క్యారెక్టర్ మీద ప్రేమ పోగొట్టుకుంటాడు. అది తిరిగి తేవడం చాలా కష్టం.

ఇవన్నీ అప్పటికప్పుడు తట్టవు. సెషన్‌కి ముందు ఒక అట్టముక్క మీద ఎనిమిది ఖర్చులు రాసుకోండి, వాడిన కొద్దీ కొట్టెయ్యండి. వరద కథకి: తాడు తెగింది. టార్చి తడిసింది. ఇంజన్‌కి డీజిల్ అయిపోవచ్చింది. ఒక గేదె బెదిరి పలుపు తెంపుకుంది. పక్కింటివాళ్ళని కూడా ఎక్కించుకుంటానని మాట ఇవ్వాల్సొచ్చింది. ఫోన్ నీళ్ళలో పడింది. చేతికి తాడు కోసుకుంది, రేపటి దాకా తెడ్డు పనికి రాదు. పడవ అడగకుండా తెచ్చారన్న సంగతి పడవ ఆసామికి తెలిసిపోయింది. వీటిలో చివరిది అన్నిట్లోకీ మంచిది, ఎందుకంటే అది రెండు సెషన్ల తర్వాత కూడా పనికొస్తుంది.

"అవును, పైగా" గురించి ఎక్కువ చెప్పను. అదనంగా ఇచ్చేది పక్కవాళ్ళకి కూడా ఉపయోగపడితే చాలు. పై ఉదాహరణలో వెనక పడవకి దారి దొరకడం అలాంటిదే.

"కాదు, పైగా"కి ఒక గడియారం పెట్టుకోండి. అంటే కాగితం మీద ఒక గుండ్రం గీసి దాన్ని గడులుగా విడగొట్టడం. నిండితే ఏమవుతుందో ముందే అందరికీ తెలియాలి. బ్లేడ్స్‌లో మామూలుగా 4, 6, 8 గడులు వాడతారు. మీకు గోదావరే కొలబద్ద ఇచ్చింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటికీ మూడోదానికీ మధ్య సరిగ్గా ఆరడుగులు. ఆరు గడుల గుండ్రం గీసి గడికి ఒక అడుగు అనుకోండి. కథ మొదలయ్యేటప్పటికి మొదటి హెచ్చరిక పడి ఉంది. రెండు గడులు నిండితే రెండోది: మీ కథలో కాజ్‌వేలు మునుగుతాయి, పంటు ఆగుతుంది, ఇక నాటు పడవే దిక్కు. ఆరూ నిండితే మూడోది: నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చేస్తాయి. గడుల పక్కన అంకెలు రాసి గుండ్రాన్ని టేబుల్ మధ్యలో పెట్టండి. మీ ప్లేయర్లకి ఈ అంకెలు పుట్టిన దగ్గర నుంచీ తెలుసు, "పదమూడూ ముప్పావు దాటింది" అన్న మాట వాళ్ళ మీద పని చేసినట్టు ఏ డీసీ పని చెయ్యదు.

ఎంత త్వరగా నిండుతుందో కూడా లెక్క ఉంది. సెషన్‌కి సుమారు ఇరవై రోల్స్ పడతాయనుకుంటే, అట్టడుగు మెట్టు 25% కాబట్టి సగటున అయిదు గడులు నిండుతాయి. దానికి తోడు "కానీ"లో సమయాన్ని ఖర్చుగా ఎంచుకున్నవి ఒకటో రెండో. అంటే ఆరు గడులు ఒక సెషన్‌కి సరిపోతాయి. కథ రెండు సెషన్లు నడవాలంటే పన్నెండు గడులు గీసి గడికి అరడుగు పెట్టండి. ఒక్క షరతు: రోల్ తప్పినందుకు నది పెరిగిందని చెప్పకండి. రోల్ తప్పితే సమయం పోయింది, సమయం పోయింది కాబట్టి నీళ్ళు పెరిగాయి. ఈ గొలుసు పైకి చెబితేనే నమ్మకం కుదురుతుంది. పెద్దాయనని బతిమాలే రోల్ అర నిమిషంలో తప్పితే గడి నింపడానికి కారణం లేదు, అక్కడ వేరే దెబ్బ వెతకండి.

నేచురల్ 1, నేచురల్ 20. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 రూల్స్‌లో వీటికి ప్రత్యేక బలం అటాక్ రోల్స్‌లోనూ, డెత్ సేవ్స్‌లోనూ (చావు బతుకుల మధ్య వేసే రోల్స్) ఉంది. మామూలు స్కిల్ చెక్‌కి లేదు. చాలా టేబుళ్ళలో అన్నిటికీ వాడేస్తారు, పైగా నేచురల్ 1కి ఫంబుల్ పట్టిక తగిలిస్తారు. అది పెట్టకండి. కారణం లెక్కే. 1 పడే అవకాశం ఎవరికైనా 5%. రౌండ్‌కి ఒక్క దెబ్బ వేసే కొత్తవాడు కత్తి జారవిడిచే అవకాశం 5%, మూడు దెబ్బలు వేసే ఆరితేరినవాడికి 14.3%. పని నేర్చుకున్న కొద్దీ కత్తి ఎక్కువ జారుతోంది! అయిదుగురు కలిసి సెషన్‌లో అటాక్ రోల్స్‌తో సహా నలభై రోల్స్ వేస్తే కనీసం ఒక్క 1 పడే అవకాశం 87%. అంత తరచుగా వచ్చేదానికి ఘోర ప్రమాదం బరువు మొయ్యించకూడదు.

1కి ఏదో ఒకటి ఉండాల్సిందేనని ప్లేయర్లు పట్టుబడితే కథుల్హూ పద్ధతి తెచ్చుకోండి. ఆ స్కిల్‌లో ప్రావీణ్యం ఉన్నవాడికి 1 పడితే వట్టి 1, అంకె కూడి ఏ మెట్టు వస్తే ఆ మెట్టే. ప్రావీణ్యం లేనివాడికి 1 పడితే ఒక మెట్టు కిందకి. 20కి మాత్రం అందరికీ ఒక మెట్టు పైకి ఇవ్వండి, అందులో నష్టం లేదు.

అందరూ కలిసి చేసే పనుల్లో మెట్లు ఇంకో రకంగా దెబ్బ తింటాయి. అయిదుగురు చప్పుడు కాకుండా లాకుల పక్క నుంచి దాటాలి, ఒక్కొక్కరికీ 70% అవకాశం. అయిదుగురూ పాస్ అవ్వాలంటే 16.8%. మంచి స్కిల్ ఉన్న గుంపుకి ఆరింట అయిదుసార్లు ఓటమి. దానికి బదులు సగం మంది గానీ ఎక్కువ గానీ పాస్ అయితే గుంపు పాస్ అనే రూలు వాడండి. అయిదుగురిలో ముగ్గురు చాలు, అవకాశం 83.7%కి వస్తుంది. మెట్లు కూడా ఇక్కడ తలల లెక్కతో పెట్టచ్చు: అయిదుగురూ పాస్ అయితే "పైగా", నలుగురైతే "అవును", ముగ్గురైతే "కానీ", అంతకు తక్కువైతే "కాదు". ఖర్చు తప్పినవాళ్ళలో ఒకరి మీద పడుతుంది, ఎవరి మీదో వాళ్ళే తేల్చుకుంటారు. టేబుల్ దగ్గర అరుపులు వినాలంటే ఇదొక్కటి పెట్టి చూడండి.

ఇద్దరు ఎదురెదురుగా డీ20 వేసుకునే చోట తేడాలు సహజంగానే పెద్దవి అవుతాయి. బోనస్‌లు సమానమైనా, ఒకరు 10 గానీ ఎక్కువ గానీ తేడాతో గెలిచే అవకాశం చెరో వైపూ 13.75%. అందుకని 5 అంకెల మెట్టు అక్కడ మరీ తరచుగా తగులుతుంది. ఎదురు రోల్స్‌కి 10 అంకెల తేడానే పెట్టుకోండి. సమానం వచ్చిందా, 5% సార్లు వస్తుంది, అప్పుడు రోల్‌కి ముందు ఉన్న పరిస్థితి అలాగే ఉంటుంది.

తప్పిన రోల్‌ని వెంటనే మళ్ళీ వెయ్యనివ్వకండి. 50% అవకాశం ఉన్న పనిని మూడుసార్లు వెయ్యనిస్తే అది 87.5% అయిపోతుంది, మెట్లన్నీ వృథా. మళ్ళీ వెయ్యాలంటే ఏదైనా మారాలి: పద్ధతి, పనిముట్టు, లేదా పందెం. కథుల్హూలో ప్లేయర్ రెండోసారి వెయ్యచ్చు, కానీ ఈసారి తప్పితే ఇంకా గట్టి దెబ్బ తగులుతుందని జీఎం ఒప్పందం చేసుకుంటాడు. అది అలాగే తెచ్చుకోండి.

డీ20 లెక్కలు మీ వాళ్ళకి బరువైతే, ఇంట్లో ఉన్న వాటితోనే ఒక మంచి పద్ధతి ఉంది. అష్టాచెమ్మా గవ్వలు. నాలుగు గవ్వలు వేసి వెల్లకిలా పడ్డవి లెక్కపెట్టండి. నాలుగు పడితే "పైగా", మూడు పడితే "అవును", రెండు "అవును, కానీ", ఒకటి "కాదు", ఒక్కటీ పడకపోతే "కాదు, పైగా". గవ్వ రెండు వైపులా సమానంగా పడేదైతే వరసగా 6.25, 25, 37.5, 25, 6.25 శాతం. చివర్లు అరుదు, మధ్య బలం. స్కిల్‌కి అంకెలు కూడక్కర్లేదు, గవ్వలు పెంచితే చాలు. అయిదు గవ్వలు వేస్తే రెండు గానీ ఎక్కువ గానీ పడే అవకాశం 68.75 నుంచి 81.25%కి పెరుగుతుంది, ఆరు వేస్తే 89%. పని కష్టమైతే ఒక గవ్వ తగ్గించండి. మూడింటికి అది 50%, పైగా అసలైన "పైగా" అందనే అందదు. కొత్తగా ఆడే పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న టేబుల్‌కి ఇంతకంటే తేలికైన మెట్ల పద్ధతి నాకు తెలియదు.

కానీ గవ్వని పరీక్షించకుండా వాడకండి. నిజం గవ్వకి వీపు ఉబ్బెత్తు, నోటి వైపు చదును. అది రెండు వైపులా సమానంగా పడుతుందన్న హామీ లేదు. నాలుగు గవ్వల్ని యాభై సార్లు వెయ్యండి, మొత్తం రెండొందల సార్లు గవ్వ పడుతుంది. వెల్లకిలా పడ్డవి 86 నుంచి 114 మధ్య ఉంటే సరిపోతుంది. 80 దగ్గర ఉంటే, అంటే గవ్వకి 40% అయితే, నాలుగూ వెల్లకిలా పడేది 2.6%కి పడిపోతుంది, ఒక్కటీ పడనిది 13%కి పెరుగుతుంది. కళ్ళకి చిన్న తేడానే, కథలో ఘోరాలు మాత్రం అద్భుతాలకి అయిదింతలు అవుతాయి. అలాంటి గవ్వలు పడితే పారెయ్యక్కర్లేదు, ఎక్కువసార్లు పడే వైపుని లెక్కపెడుతూ కథని కాస్త తేలిక చెయ్యచ్చు. లేదా చింతపిక్కల్ని ఒక వైపు తెల్లగా వచ్చేదాకా గచ్చు మీద అరగదీసి వాడండి. రెండు ముఖాలూ చదునుగా వచ్చిన పిక్కలే ఏరుకోండి, వాటినీ అలాగే యాభై సార్లు వేసి చూడండి. వేసేటప్పుడు గుప్పెట్లోంచి నేరుగా జారవిడవకుండా చిన్న గిన్నెలో కుదిపి కనీసం జానెడు ఎత్తు నుంచి వెయ్యాలి, కింద చాప ఉండాలి. గచ్చు మీద దొర్లిపోయి గోడకి ఆనినదాన్ని లెక్కలో వేసుకోకండి, ఆ ఒక్కటీ మళ్ళీ వెయ్యండి.

వచ్చే సెషన్‌కి అన్నీ ఒకేసారి పెట్టకండి. డీ20తోనే ఆడుతూ నాలుగు మెట్లు, ఖర్చుల అట్ట, ఆరు గడుల గుండ్రం, ఈ మూడే పెట్టండి. మొదటి గంటలో ప్రతి రోల్‌కి ముందు "తప్పితే ఏమవుద్ది?" అని మీరు అడక్కుండా ప్లేయర్ల చేతే అడిగించండి. వాళ్ళు చెప్పిన జవాబు మీ దానికంటే బాగుంటే అదే తీసుకోండి. ఎవరికీ జవాబు తట్టని రోల్‌ని వెయ్యనివ్వకుండా పని అయిపోయిందని చెప్పెయ్యండి. రెండో సెషన్‌లో గుంపు రోల్స్ రూలు కలపండి. గవ్వలకి మారాలనుకుంటే మాత్రం కొత్త కథతో మారండి, నడుస్తున్న కథ మధ్యలో క్యారెక్టర్ షీట్ల మీద బోనస్‌లన్నీ గవ్వలుగా మార్చడం పెద్ద పని. మార్చక తప్పకపోతే సున్నా, +1, +2 ఉన్న స్కిల్స్‌కి నాలుగు గవ్వలు, +3 నుంచి +5 దాకా అయిదు, +6 నుంచి పైన ఆరు. మైనస్‌లో ఉన్నవాటికి మూడు.